మాట చవక, గడువు ప్రియం
ప్రీపెయిడ్ మొబైల్ సేవ మంచిచెడ్డలపై ఒక సమీక్ష

దేశంలో వాడుకలో ఉన్న మొబైల్ కనెక్షన్లలో నూటికి తొంభైకి పైగా ప్రీపెయిడ్‌వే. నెల తిరిగాక బిల్లు కట్టే పోస్ట్‌పెయిడ్ వాళ్లు పదిమందిలో ఒక్కరు కూడా లేరు. ఇంత జనం ఎప్పుడో తేల్చేసుకున్న విషయంలో ఇప్పుడు మంచిచెడ్డలు ఎంచడమేమిటని అనిపించవచ్చు. కానీ పాతికేళ్ల కిందట ప్రీపెయిడ్ కార్డు కొన్న మనిషి మాట్లాడే నిమిషాలు కొన్నాడు. ఇవాళ రీఛార్జి చేయించుకునే మనిషి రోజులు కొంటున్నాడు. పేరు అదే ఉంది, సరుకు మారింది. పాత సరుకుకు చెప్పుకున్న లాభనష్టాలు కొత్తదానికి అతకవు.

ప్రీపెయిడ్‌ను మెచ్చుకునేవాళ్ల మాట: చేతిలో ఉన్నంతే ఖర్చు, అప్పు లేదు, ఒప్పందం లేదు, నచ్చకపోతే ఇంకో కంపెనీకి పోవచ్చు. తప్పుబట్టేవాళ్ల మాట: చిల్లరగా కట్టేవాడికే రేటు ఎక్కువ, గడువు దాటితే నంబరే గల్లంతు, ముందే సొమ్ము అందిన కంపెనీకి మన గోడు వినే తొందర ఉండదు. రెండు వైపులా నిజముంది. అయితే ఆ నిజాలు అందరికీ ఒకే పాళ్లలో వర్తించవు. ఎవరికి ఏది ఎంత వర్తిస్తుందో విడదీసి చూస్తే తప్ప ఈ తగవు తెగదు.

నిమిషాలు కొన్న కాలం

1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌కు చేసిన కాల్‌తో మన దేశంలో మొబైల్ సేవ మొదలైంది. అప్పట్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. ఫోన్ ఎత్తినందుకు కూడా డబ్బులు పోయేవి. నెలజీతం లేని మనిషికి బిల్లు పంపి వసూలు చేసుకోగలమన్న ధైర్యం కంపెనీకి లేదు. బిల్లు ఎంతొస్తుందో తెలియని ఫోను పట్టుకునే ధైర్యం ఆ మనిషికీ లేదు. ఈ రెండు భయాలకూ ఒకే విరుగుడుగా వచ్చింది ప్రీపెయిడ్. ముందు కట్టించుకుంటే కంపెనీకి మొండిబాకీ బెడద లేదు, ముందే కట్టేస్తే వాడేవాడికి నెలాఖరు గుబులు లేదు.

2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక ప్రీపెయిడ్‌కు రెక్కలొచ్చాయి. పాన్‌షాపులో కార్డు కొని, వెనక వెండిపూతను నాణెంతో గీకి, కనిపించిన అంకెలు కొట్టడం ఆనాటి రీఛార్జి. కొన్నాళ్లకు ఆ కార్డు కూడా పోయి, కొట్టువాడి ఫోన్ నుంచే పది రూపాయలు వేయించుకునే వీలొచ్చింది. ఆటో డ్రైవరు, తాపీమేస్త్రీ, కూరగాయల బండివాడు ఫోన్లు కొన్నది అప్పుడే. బ్యాలెన్స్ సున్నా ఉన్నా ఫోన్ మోగుతుంది, మిస్డ్ కాల్ ఇస్తే అవతలివాళ్లే చేస్తారు. పైసా ఖర్చు లేకుండా పని జరిపించుకునే తెలివి ఊరూరా పుట్టింది.

2005 చివర్లో 999 రూపాయలకు జీవితకాల వ్యాలిడిటీ అన్న పథకాలు వచ్చాయి. ఒకసారి కడితే నంబరు ఎప్పటికీ మనదే, మాట్లాడినప్పుడే డబ్బులు పోతాయి. ఆ జీవితం వాడుకరిది కాదని, కంపెనీ లైసెన్సు ఉన్నన్నాళ్లేనని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అప్పుడే వివరణ ఇచ్చింది. 2009లో టాటా డొకొమో సెకనుకు పైసా లెక్క తెచ్చాక మాట ధర ఇంకా పడిపోయింది. కొన్నంత వాడుకో, వాడినంతకే కట్టు అన్న ప్రీపెయిడ్ ధర్మం అక్షరాలా నడిచిన కాలం అది.

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చి కాల్స్‌కు ధరే లేకుండా చేసింది. నిమిషం అమ్మి బతకడం ఇక కుదరదని పాత కంపెనీలకు అర్థమైంది. 2018 చివర్లో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కనీస రీఛార్జి నిబంధన పెట్టాయి. 28 రోజులకు 35 రూపాయలు వేయించకపోతే ముందు ఔట్‌గోయింగ్, తర్వాత ఇన్‌కమింగ్ ఆగిపోతాయి. జీవితకాల సిమ్‌ల కథ అంతటితో ముగిసింది. ఎయిర్‌టెల్‌లో ఆ కనీసం 2021 నవంబర్ పెంపుతో 99కి, 2024 జూలై పెంపు తర్వాత 199కి చేరింది. 35 రూపాయలకు దక్కింది కొద్దిపాటి టాక్‌టైమ్, 199కి దక్కేది ఎంతైనా మాట్లాడుకునే వీలు, కాబట్టి రెండూ ఒకటే సరుకని అనలేం. అయినా ఎక్కువ మాట్లాడని మనిషికి ఈ పెంపులో ఒరిగిందేమీ లేదు. నంబరు నిలబెట్టుకోవడానికి కట్టే అద్దె ఆరేళ్లలోపే అయిదు రెట్లు దాటింది, అంతే.

నిజంగా మిగిలిన లాభాలు

ప్రీపెయిడ్‌కు ఉన్న మొదటి లాభం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఖర్చు చేయి దాటదు. పోస్ట్‌పెయిడ్‌లో విదేశీ ప్రయాణంలో రోమింగ్ డేటా ఆపడం మరిచిపోతే ఇంటికి చేరేసరికి వేలల్లో బిల్లు సిద్ధంగా ఉండొచ్చు. బకాయి మీద తగాదా పడితే వసూలు ఏజెంట్ల ఫోన్లు, లాయర్ నోటీసులు, లోక్ అదాలత్ పిలుపులు మొదలవుతాయి. ప్రీపెయిడ్‌లో ఎంత పొరపాటు జరిగినా పోయేది వేసుకున్న సొమ్మే, అప్పు మిగలదు.

రెండో లాభం, వెళ్లిపోయే స్వేచ్ఛ. 2010 నవంబర్ 25న హర్యానాలో, 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మారకుండా కంపెనీ మారే సదుపాయం వచ్చింది. పోర్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, మన నంబరు వేసి 1900కు మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది. అదే సర్కిల్లో అయితే మూడు పనిదినాల్లో మారిపోతుంది. రాష్ట్రం రెండుగా విడిపోయినా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంకా ఒకే సర్కిల్ కాబట్టి విజయవాడ నంబరును హైదరాబాద్‌లో మార్చుకోవడం కూడా ఊళ్లో పని కిందే లెక్క. పోస్ట్‌పెయిడ్ వాడు ముందు బకాయిలన్నీ తీర్చాలి. ప్రీపెయిడ్ వాడికి ఆ అడ్డు లేదు. ఈ స్వేచ్ఛకు ఎంత బలముందో 2024 జూలైలో కనిపించింది. మూడు ప్రైవేటు కంపెనీలు ధరలు పెంచిన ఆ ఒక్క నెలలో వాటన్నిటికీ చందాదారులు తగ్గారు, బీఎస్ఎన్ఎల్‌కు 29 లక్షల మంది పెరిగారు.

కానీ ఈ స్వేచ్ఛలో ఒక మెలిక ఉంది. పోర్ట్ అయినప్పుడు పాత కంపెనీలో మిగిలిన బ్యాలెన్స్, రోజులు కొత్త కంపెనీకి రావు. ఏడాది ప్లాన్ వేయించుకున్న రెండో నెలలోనే సిగ్నల్ పాడైతే, మిగతా పది నెలల సొమ్ము వదులుకుంటే తప్ప కదలలేం. కాగితం మీద ఒప్పందం లేకపోయినా, ముందు కట్టిన డబ్బే కాళ్లకు బంధం అవుతుంది. 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీసినప్పుడు దాని ప్రీపెయిడ్ చందాదారులకు ఇది అనుభవంలోకి వచ్చింది. కంపెనీ మునిగితే పోస్ట్‌పెయిడ్ వాడు బాకీదారుగా ఉంటాడు, ప్రీపెయిడ్ వాడు అప్పిచ్చినవాడుగా ఉంటాడు. మునిగిన కంపెనీ దగ్గర అప్పు వసూలు చేసుకోవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

పది రూపాయల్లో ఎంత చేతికొస్తుంది

ఇక ధరల సంగతి. టాక్‌టైమ్ కోసం పది రూపాయలు వేయిస్తే ఫోన్‌లోకి వచ్చేది 7 రూపాయల 47 పైసలు. పదిలో 18 శాతం జీఎస్టీ కింద 1.53 పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు కింద ఇంకో రూపాయి పోతుంది. అదే వంద వేయిస్తే 81.75 వస్తుంది. పన్ను ఇద్దరికీ ఒకటే, ఫీజు మాత్రం పది రూపాయల వాడికి పదో వంతు, వంద రూపాయల వాడికి మూడు శాతం. అంటే పది వేయించేవాడు పావు వంతు వదులుకుంటున్నాడు, వంద వేయించేవాడు అయిదో వంతు కూడా వదులుకోవడం లేదు.

ఈ తేడా టాక్‌టైమ్‌తో ఆగదు, ప్యాక్‌లన్నిటిలోనూ ఉంది. 2024 జూలై పెంపు నాటి ఎయిర్‌టెల్ ధరలనే చూద్దాం. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల ప్యాక్ 349 రూపాయలు. ఏడాదికి పదమూడుసార్లు వేయిస్తే 4,537. అదే డేటాను 84 రోజులకు ఒకేసారి తీసుకుంటే 859, ఏడాది లెక్కకు దాదాపు 3,720. ఒకేసారి ఎనిమిదొందల యాభై తొమ్మిది తీయగలిగినవాడికి ఏడాదిలో ఎనిమిది వందలు మిగులుతాయి. రోజుకూలీతో బతికేవాడు ఆ మొత్తం ఒక్కసారి తీయలేడు కాబట్టి ఆ ఎనిమిది వందలూ అదనంగా కడతాడు. చిన్న మొత్తాల్లో కట్టే సౌకర్యం కోసం పుట్టిన పద్ధతిలో ఆ సౌకర్యానికే ధర ఎక్కువ.

28 రోజుల గుట్టు కూడా ఇక్కడే ఉంది. నెలంటే ముప్పై రోజులని మనం అనుకుంటాం, కంపెనీకి నెల అంటే నాలుగు వారాలు. ఏడాదికి పన్నెండు జీతాలు, పదమూడు రీఛార్జిలు. దీనిపై ఫిర్యాదులు పెరిగాక 2022 జనవరిలో ట్రాయ్ ప్రతి కంపెనీ కనీసం ఒక ప్లాన్ 30 రోజులకు, ఒకటి ప్రతి నెలా అదే తేదీన పునరుద్ధరించేలా పెట్టాలని ఆదేశించింది. కంపెనీలు పెట్టాయి. కానీ కొట్టులోనూ, యాప్‌లోనూ ముందు కనబడేవి, ఎక్కువమంది వేయించుకునేవి ఇప్పటికీ 28 రోజులవే. ఆదేశం అక్షరాన్ని పాటిస్తూనే దాని ఫలితాన్ని మూలన పెట్టవచ్చని కంపెనీలు చూపించాయి.

రోజుకు ఇన్ని జీబీలన్న లెక్కలో ఇంకో నష్టం దాగి ఉంది. వాడని డేటా అర్ధరాత్రి పన్నెండింటికి మురిగిపోతుంది. ఆదివారం సినిమా చూసేసరికి చాలక ఇంకో డేటా ప్యాక్ వేయించిన మనిషే, సోమవారం నుంచి శనివారం దాకా సగం డేటా వృథాగా వదిలేసి ఉంటాడు. పోస్ట్‌పెయిడ్‌లో నెల మొత్తానికి డేటా ఇస్తారు, మిగిలింది వచ్చే నెలకు జమ చేస్తారు. వాడకం ఒక్కో రోజు ఒక్కో రకంగా ఉండేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

మాటలకే ఫోన్ వాడే పెద్దవాళ్ల గోడు వేరే. ఇంటర్నెట్ ముట్టని మనిషి డేటా కొనక తప్పని స్థితి చాలాకాలం నడిచింది. 2024 డిసెంబర్‌లో ట్రాయ్ కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాక్ తప్పనిసరి చేసింది, ప్రత్యేక వోచర్ల గడువును 90 రోజుల నుంచి 365కు పెంచుకోనిచ్చింది. కంపెనీల మొదటి స్పందన చూడదగ్గది. ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 6 జీబీతో ఉన్న 509 రూపాయల ప్యాక్ డేటా తీసేశాక 499 అయింది. ఆరు జీబీలకు పది రూపాయలు తగ్గించారన్నమాట. ట్రాయ్ పరిశీలిస్తామన్నాక 469కి దిగింది, ఏడాది ప్యాక్ 1,959 నుంచి 1,849కి వచ్చింది. జియో 458ని 448 చేసింది. ఇంత జరిగినా మాటలకు మాత్రమే వాడే పెద్దాయన రోజుకు అయిదు రూపాయలు కడుతున్నాడు, ఫోన్ మోగినా మోగకపోయినా.

సిమ్ పోతే పోయేవి

ఏ ఊళ్లోనైనా రీఛార్జి కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే వినపడే మాటలివి. "నాయనా, బ్యాంకు నుంచి నంబరేదో వస్తదన్నారు, రాలేదు." "వ్యాలిడిటీ అయిపోయింది పెద్దమ్మా, రీఛార్జి లేకపోతే ఓటీపీ రాదు." "నేనెవరికీ చెయ్యను కదయ్యా, వచ్చేవే ఎత్తుతా." "ఎత్తాలన్నా వేయించాలి పెద్దమ్మా." పెద్దమ్మ అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఆమె కాల్స్ కొనడం లేదు, డేటా కొనడం లేదు. బ్యాంకు, ఆధార్, గ్యాసు, పింఛను తనను గుర్తుపట్టడానికి ఒక నంబరు బతికి ఉండాలి, దానికే డబ్బులు కడుతోంది.

2021 ఫిబ్రవరిలో తెలంగాణలో కోవిడ్ దృష్ట్యా రేషన్ దుకాణాల్లో వేలిముద్ర ఆపి ఓటీపీ పెట్టినప్పుడు, ఆధార్‌కు ఫోన్ నంబరు కలపడానికి కేంద్రాల ముందు బారులు తీరారు. బియ్యం దక్కాలంటే సిమ్ బతికుండాల్సి వచ్చింది. ప్రీపెయిడ్ మొదలైన రోజుల్లో సిమ్ పోతే పోయేది పది రూపాయల బ్యాలెన్స్. ఇప్పుడు పోయేది ఖాతా తాళంచెవి.

నిబంధనల్లో కొంత రక్షణ ఉంది. వరుసగా 90 రోజులు ఏ వాడకమూ లేకపోతేనే ప్రీపెయిడ్ కనెక్షన్‌ను రద్దు చేయాలి. 90 రోజులు దాటినా ఖాతాలో 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు పొడిగించాలి. బ్యాలెన్స్ లేక రద్దయినా 15 రోజుల్లోగా అడిగితే నంబరు తిరిగి ఇవ్వాలి. 2013 నుంచి ఉన్న నిబంధనే ఇది. చిక్కేమిటంటే ఇప్పటి ప్యాక్‌లలో ప్రధాన ఖాతాలోకి చిల్లిగవ్వ చేరదు. 299 వేయించినవాడికి రోజులు, జీబీలు వస్తాయి, ఆ ఇరవై రూపాయలు మాత్రం ఉండవు. విడిగా టాప్‌అప్ వేయించి ఉంచుకోవాలన్న సంగతి చాలామందికి తెలియదు. పైగా నంబరు రద్దు కాకుండా ఉండటం వేరు, దానికి కాల్స్, ఓటీపీలు రావడం వేరు. మొదటిదానికి రక్షణ ఉంది, రెండోది కంపెనీ దయ.

రద్దయిన నంబరును కనీసం 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వరని ట్రాయ్ 2023 నవంబర్‌లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ తర్వాత అది ఎవరి చేతికైనా పోవచ్చు. పాత యజమాని బ్యాంకు ఖాతాకు, ఈమెయిల్‌కు ఆ నంబరే ఉంటే ఓటీపీలు కొత్తవాళ్ల ఫోన్‌కు వెళ్తాయి. పోస్ట్‌పెయిడ్‌లో ఈ ప్రమాదం తక్కువ. బిల్లు ఒకటి రెండు వారాలు ఆలస్యమైనా కంపెనీ గుర్తుచేస్తూ సేవ నడుపుతుంది, ఎందుకంటే డబ్బు రావాల్సింది దానికి. ప్రీపెయిడ్‌లో గడువు అర్ధరాత్రి దాటితే మర్నాడు ఉదయానికే ఔట్‌గోయింగ్ ఆగుతుంది, ఆ తర్వాత కొద్ది రోజులకే ఫోన్ మూగబోతుంది. ఆసుపత్రిలో పడ్డవాళ్లు, మతిమరుపు మొదలైన పెద్దవాళ్లు, పిల్లలు దూరాన ఉన్న ఒంటరి తల్లిదండ్రులు ప్రీపెయిడ్‌కు మూల్యం చెల్లించేది ఇక్కడే.

లెక్కలు చూపించని కంపెనీ

పోస్ట్‌పెయిడ్ వాడికి నెలకోసారి బిల్లు వస్తుంది. అందులో ఏది ఎందుకు పడిందో అడగడానికి ఒక కాగితం ఉంటుంది. ప్రీపెయిడ్‌లో అడగకుండానే కాలర్ ట్యూన్లు, క్రికెట్ కబుర్ల పేరిట బ్యాలెన్స్ కోసుకుపోయిన రోజులు చాలామందికి గుర్తే. 2013లో ట్రాయ్ రెండుసార్లు ఒప్పుకుంటే తప్ప అలాంటి సేవలు మొదలుపెట్టకూడదని, 155223కు ఫోన్ చేసి ఆపించుకోవచ్చని నిర్దేశించాక ఆ బెడద బాగా తగ్గింది. ప్రీపెయిడ్ వాడుకరి కూడా ఆరు నెలల వెనక దాకా వాడకం వివరాలు రాతపూర్వకంగా అడగవచ్చు, 50 రూపాయలు మించకుండా తీసుకుని కంపెనీ ఇవ్వాలి. ఈ హక్కు వాడుకునేవాళ్లు అరుదు.

అదే మాదిరి ఇంకో సంగతి. చవక ప్యాక్‌లలో మెసేజ్ సదుపాయం లేకపోవడంతో పోర్ట్ కోడ్ అడిగే మెసేజ్ కూడా పోని పరిస్థితి ఒకప్పుడు వచ్చింది. చవక ప్యాక్ వాడు కంపెనీ వదిలి వెళ్లాలంటే ముందు ఖరీదైన ప్యాక్ వేయించాల్సి వచ్చేది. 2021 డిసెంబర్‌లో ట్రాయ్ కల్పించుకుని, ఏ రీఛార్జి ఉన్నా లేకపోయినా 1900కు మెసేజ్ వెళ్లాల్సిందేనని ఆదేశించింది. ప్రీపెయిడ్ వాడుకరికి ఉన్న హక్కుల్లో చాలావరకు కంపెనీలు ఇచ్చినవి కావు, ఇలా గీచిగీచి రాబట్టుకున్నవే.

పోస్ట్‌పెయిడ్ వాళ్లకు వేగం ఎక్కువ ఇస్తారన్న మాట తరచూ వినిపిస్తుంది. 2020 జూలైలో ఎయిర్‌టెల్ ప్లాటినం, వొడాఫోన్ రెడ్ఎక్స్ ప్లాన్లు ఎక్కువ డబ్బు కట్టేవారికి ప్రాధాన్యమని ప్రచారం చేస్తే, మిగతావాళ్ల సేవ తగ్గించి వీళ్లకు ఇస్తారా అని నిలదీసి ట్రాయ్ వాటిని ఆపమంది. వేగం కోసమే పోస్ట్‌పెయిడ్‌కు మారేవాళ్లు ఆ ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

కాశ్మీర్‌లో వేరు, అమెరికాలో వేరు

ప్రీపెయిడ్, పోస్ట్‌పెయిడ్ తేడా ఒక్కచోట డబ్బుకు సంబంధం లేని విషయం. అమర్‌నాథ్ యాత్రకో, శ్రీనగర్ చూడటానికో వెళ్లిన తెలుగువాళ్లు జమ్ము కాశ్మీర్‌లో అడుగుపెట్టగానే ఫోన్‌లో సిగ్నల్ పోయి కంగారు పడుతుంటారు. భద్రతా కారణాల వల్ల ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ, లద్దాఖ్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. 2019 ఆగస్టు 5 నుంచి కాశ్మీర్ లోయలో ఫోన్లన్నీ ఆపేశాక పోస్ట్‌పెయిడ్ కాల్స్ అక్టోబర్ 14న మొదలయ్యాయి. అక్కడివాళ్ల ప్రీపెయిడ్ కాల్స్ 2020 జనవరి 18 దాకా రాలేదు. బిల్లు చిరునామా ఉన్న మనిషిని ప్రభుత్వం ముందు నమ్మింది, రీఛార్జి మనిషి ఇంకో మూడు నెలలు ఆగాడు.

ఒప్పందం లేని సేవ అన్న మాటకు అసలు బరువు తెలిసేది అమెరికాలో. అక్కడ ఫోన్‌ను తక్కువ ధరకిచ్చి రెండేళ్ల ఒప్పందంలో కట్టేసేవారు, మధ్యలో వదిలేస్తే జరిమానా. 2013 మార్చిలో టీ-మొబైల్ ఆ ఒప్పందాలు ఎత్తేసింది, 2015లో వెరిజాన్, 2016 మొదట్లో ఏటీ అండ్ టీ అదే బాట పట్టాయి. ఒప్పందం పోయినా ముడి పోలేదు. ఫోన్‌ను వాయిదాల్లో ఇచ్చి, నెలనెలా బిల్లులో కొంత తిరిగి జమ చేస్తారు, మధ్యలో పోతే మిగతా జమ రాదు. అందువల్ల అక్కడ ప్రీపెయిడ్ అంటే సొంత ఫోన్ ఉన్నవాడికి చవక దారి.

చదువుకోవడానికి వెళ్లే మన పిల్లలకు ఇది నేరుగా తగిలే విషయం. దిగిన రోజు వాళ్లకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు, క్రెడిట్ చరిత్ర ఉండదు, పోస్ట్‌పెయిడ్ దొరకడం కష్టం. మింట్ మొబైల్ వంటి ప్రీపెయిడ్ కంపెనీలు ఆధారం. అక్కడా రోజుల వ్యాపారమే. మింట్‌లో నెలకు 15 డాలర్ల ధర మొదటి మూడు నెలలకు. ఆ తర్వాతా అదే ధర కావాలంటే ఏడాది సొమ్ము ఒకేసారి కట్టాలి. ఇలాంటి కంపెనీలకు సొంత టవర్లు ఉండవు, పెద్ద కంపెనీల నెట్‌వర్క్ మీద నడుస్తాయి. రద్దీ వేళ టవర్ ముందు తన సొంత పోస్ట్‌పెయిడ్ చందాదారులను చూసుకుంటుంది. గదిలో కలిసుండే నలుగురైదుగురు ఒక ఫ్యామిలీ ప్లాన్‌లో చేరడం అందుకే మామూలైంది. ఖర్చు బాగా తగ్గుతుంది, కానీ బిల్లు ఒకరి పేరు మీదే ఉంటుంది. ఒకరు ఉద్యోగం వచ్చి ఊరు మారినా, డబ్బులివ్వడం మానేసినా పేరున్నవాడి నెత్తిన పడుతుంది.

ఈ పిల్లల ఇండియా నంబరు కూడా ఇంట్లోవాళ్లకు పనే. అక్కడి నుంచి ఇక్కడి బ్యాంకు ఖాతా చూసుకోవాలంటే ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. చేసే కాల్ ఒక్కటీ లేకపోయినా తండ్రి నెలనెలా రీఛార్జి చేస్తూనే ఉంటాడు. దాదాపు వాడకమే లేని సిమ్‌కు క్రమం తప్పని కిరాయి.

ఎవరికి ఏది

ఒంటరిగా ఉండి, తన గడువు తాను గుర్తుంచుకోగలిగి, మూడు నెలల సొమ్ము ఒకేసారి కట్టగలిగినవాడికి ప్రీపెయిడ్‌ను మించింది లేదు. ఎయిర్‌టెల్‌లో కనిష్ఠ పోస్ట్‌పెయిడ్ 449 అని రాసి ఉంటుంది. ప్రీపెయిడ్ ధరలో పన్ను కలిసే ఉంటుంది, పోస్ట్‌పెయిడ్‌కు పన్ను విడిగా పడుతుంది. కలిపితే 530, ఏడాదికి 6,358. ముందు చెప్పుకున్న 84 రోజుల ప్యాక్‌తో పోలిస్తే రెండున్నర వేలకు పైగా ఎక్కువ.

నలుగురున్న ఇంటికి లెక్క కొంత మారుతుంది. ఎయిర్‌టెల్‌లోనే నాలుగు కనెక్షన్లకు 190 జీబీ ఇచ్చే 1,199 రూపాయల కుటుంబ ప్లాన్ పన్నుతో 1,415 అవుతుంది. మనిషికి నెలకు 354. అదే ఇంట్లో నలుగురూ విడివిడిగా 28 రోజుల ప్యాక్‌లు వేయించుకుంటే మనిషికి ముప్పై రోజులకు 374 పడుతుంది. 84 రోజుల ప్యాక్ తీసుకోగలిగితే మాత్రం 307. నెలనెలా వేయించుకునే ఇంటి విషయంలో పోస్ట్‌పెయిడ్ ధనికులదన్న అభిప్రాయం నిలవదు. పైగా అమ్మానాన్నల వ్యాలిడిటీ ఎప్పుడు ముగుస్తుందన్న దిగులు పోతుంది. ఆ బిల్లు భారం మోసేవాడు ఒక్కడన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

వాడేది మాటలకే అయితే ఏడాది వాయిస్ ప్యాక్ వేయించి, తేదీని గోడమీద క్యాలెండర్‌లో రాసిపెట్టడం ఉత్తమం. 199 రూపాయల ప్యాక్ పదమూడుసార్లు వేయిస్తే 2,587, ఏడాది వాయిస్ ప్యాక్ 1,849. నెలనెలా వేయించక తప్పనివాళ్లు కొట్టులో "నెల ప్యాక్" అని అడగకుండా "ముప్పై రోజులది" అని అడగాలి. నంబరు నిలబెట్టడానికే ఉన్న రెండో సిమ్ ఉంటే ఇరవై రూపాయలకు పైన టాప్‌అప్ వేసి ఉంచి, నెలకొకసారైనా దానితో ఒక కాల్ చేయడం మేలు. గడువు ముగిసి ఔట్‌గోయింగ్ ఆగిన సిమ్‌లో ఆ కాల్ పోదు కాబట్టి, అలాంటప్పుడు టాప్‌అప్ మీదే ఆధారపడాలి.

వాడుకరి ఎంత తెలివిగా ఎంచుకున్నా సరిదిద్దలేని లోపం ఒకటి మిగిలిపోతుంది. నంబరును గుర్తింపుగా వాడమన్నది ప్రభుత్వం, బ్యాంకులు. ఆ నంబరు ఖర్చు మాత్రం కాల్స్, డేటాతో కలిపి ఒకే ప్యాక్‌గా అమ్మే హక్కు కంపెనీలది. ఆ రెంటినీ విడదీయమని ట్రాయ్ ఒత్తిడి చేయాలి. ఇన్‌కమింగ్, ఓటీపీ నిలబడటానికి ఏడాదికి ఇంత అని ఒక చిన్న స్థిర రుసుము, దానిపైన ఎవరికి కావలసింది వారు కొనుక్కునే వీలు. వాయిస్ ప్యాక్ ఆదేశం ఆ దిశలో మొదటి మెట్టు, కానీ అది ఇంకా మాటను, గడువును ఒక్క మూటలోనే కట్టి ఇస్తోంది. ఆ మూట విప్పేదాకా ప్రీపెయిడ్ లాభం తీరిగ్గా లెక్కలు వేసుకోగలిగినవాడిది, నష్టం పెద్దమ్మది.